వెనకాలే వచ్చిన పరుపు

ఆ వీధిలో పరుపులు మోసే బండి ఉండదు. దుకాణంలో పడుకుని లేచిన మనిషికి ఏది సరిపోతే ఆ పరుపే మంచం దిగి, వెనకాలే ఇంటికి నడిచివస్తుంది. సందుమలుపుల్లో కాస్త ఒంగుతుంది, అంతే.

ఆ ఉదయం బట్టలు కుట్టే ఒకావిడ భర్తతో కలిసి దుకాణానికి వచ్చింది. ఆయన లెక్కల మాస్టారు. పెళ్లయిన దగ్గర్నుంచీ చెక్కలాంటి పరుపు మీద వెల్లకిలా, చేతులు బార్లా చాపి పడుకుంటాడు. మిగిలిన అంచున ఆవిడ కుడిపక్కకి ముడుచుకుంటుంది. లెక్కల మాస్టారికి ఆ భాగహారం మాత్రం రాలేదు. ఇప్పుడు ఆవిడ కుడి భుజం కత్తెర పట్టనివ్వడం లేదు. జాకెట్టు గుడ్డని చంక దగ్గర గుండ్రంగా కత్తిరించబోతే చెయ్యి మొద్దుబారిపోతోంది. ఆ చెయ్యి పోతే కుట్టుపని పోయినట్టే.

"ఎటు తిరిగి పడుకుంటారమ్మా?" అడిగాడు దుకాణదారు.

"వెల్లకిలా. ఇద్దరం," అన్నాడు మాస్టారు. "గట్టిది చూపించండి."

ఆయనే పడుకున్నాడు, ఆయనే లేచాడు, "మా ఇద్దరికీ బాగుంది" అని ఆయనే చెప్పేశాడు. ఎవరి వీపుతో చెప్పాడో! గట్టి పరుపు దిగి ఆయన వెనక నిలబడింది.

"అమ్మగారు కూడా పడుకోవాలండీ. ఒకరి బదులు ఇంకొకరు పడుకుంటే కుదరదు."

"దానికేం తెలుసండీ? పడుకుంటే ఒళ్లు తెలీదు దానికి."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకు ఒళ్లు తెలీదా? మీరు గురకపెడుతుంటే తెల్లార్లూ ఈ భుజం పిసుక్కుంటూ కూర్చున్నదెవరు? వెల్లకిలా పడుకోడానికి నాకు చోటెప్పుడిచ్చారు?"

చెప్పులు విడిచి, చివరనున్న సన్నటి పరుపు మీద పక్కకి తిరిగి పడుకుంది. అది భుజం దగ్గర మెత్తగా దిగి, నడుముకి ఆసరాగా నిలిచింది.

"అది ఒక్కరికే," అన్నాడు మాస్టారు.

"పడుకున్నది నేనొక్కదాన్నేగా!"

వీధిలో రెండు పరుపులూ వెనకాలే నడిచాయి. ఇంటికి రాగానే గట్టిది పడగ్గదిలోకి పోయింది. సన్నదానికి మాస్టారు అడ్డం నిలబడ్డాడు.

"నలుగురూ ఏమనుకుంటారే?"

"ఆ నలుగురూ వచ్చి ఈ అంచున పడుకుంటారా?"

పరుపు ఆయన్ని భుజంతో తోసినట్టు పక్కకి నెట్టి, కుట్టుమిషను గదిలో గోడవారగా పరుచుకుంది.

వానలు మొదలయ్యేసరికి ఆవిడ చెయ్యి తలపైకి లేచింది. మాస్టారు గుమ్మంలో నిలబడి, "భుజం నొప్పి తగ్గిందిగా, ఇక వచ్చెయ్," అన్నాడు.

ఆవిడ కత్తెర ఆపలేదు.

"నొప్పి తగ్గింది," అంది. "కోపం తగ్గలేదు."