అమ్మమ్మ ఎక్కే బండికి అడాప్టర్

పొద్దున లేవగానే చిన్నది చేసే మొదటి పని, అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకోవడం. తర్వాత అమ్మమ్మ మంచం దగ్గరికి వెళ్లేది. మంచమంటే బల్ల మీదున్న పాత కళ్లజోడు పెట్టె. అమ్మమ్మ అందులోంచి లేచి, రబ్బరు ముక్కతో చేసిన చెప్పులు తొడుక్కుని, సూదిని చేతికర్రలా పట్టుకుని, మనవరాలి అరచేతిలో కూర్చునేది. అక్కడి నుంచి హాలు కిటికీ దాకా ఊరేగింపు.

అమ్మమ్మ ఏటా కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకున్న అమ్మ, మొదట్లో ఆవిడ బట్టలు బిగించింది. తర్వాత చంటిపిల్లల కొలతలు తీసింది. ఇప్పుడైతే ఒక్క జేబురుమాలులో ఏడాదికి సరిపడా కుట్టేస్తోంది. బొటనవేలంత అమ్మమ్మ ఉన్న ఇంట్లో కూడా, పెళ్లీడుకొచ్చిన ఆ పిల్లని చిన్నది అనే పిలిచేవాళ్లు. అలవాటు అలాంటిది మరి.

ఆ చిన్నదానికి సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో పని దొరికింది. పడవలకి తెరచాపలు కుట్టే పని. సోమవారానికి రాకపోతే ఆ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తామని ఫోన్లో చెప్పారు. సముద్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ అమ్మ దుప్పటి దులిపినప్పుడల్లా అది గాలికి ఉబ్బడం చూసి, గుండె కూడా అలాగే ఉబ్బి ఎటో వెళ్లిపోయేది.

వెళ్తే అమ్మమ్మని ఎవరు మోస్తారు? అమ్మ చేతులు చీకటిపడేదాకా మిషను మీదే. ఇక మావయ్య చేతులకి చెమట. ఒకసారి కన్నతల్లిని పిండి డబ్బాలో జారవిడిచాడు. ఆవిడ తుమ్ముతూ తుమ్ముతూ తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినపడ్డాయి.

ఆ పాపం కడుక్కోవడానికే మావయ్య బొమ్మరైలు కొన్నాడు. గోడ వెంట చెక్క వేసి, అమ్మమ్మ గది నుంచి కిటికీ గట్టు దాకా పట్టాలు పరిచాడు. రెండు కొసల్లోనూ అమ్మమ్మ కాలితో తొక్కితే చాలు, ఆవిడ ఎక్కి కూర్చునేంత వ్యవధి ఇచ్చి బండి కదిలేలా మీటలు పెట్టాడు. నడిపేది డిజిటల్ కంట్రోలర్, దానికి కరెంటు ఇచ్చేది ఇంట్లో ఉన్న పాత అడాప్టర్. అంతా బాగానే ఉంది గానీ, కిటికీ ముందు ఎత్తు ఎక్కేటప్పుడు కంట్రోలర్ దీపం ఆరిపోయేది, బండి నిలబడిపోయేది.

"ఒరేయ్, ఇది రైలా, తోపుడు బండా?" రైలుపెట్టె కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేది అమ్మమ్మ. చిన్నది పరుగెత్తుకెళ్లి అరచెయ్యి చాపేది.

"కరెంటు చాలట్లేదమ్మా. వోల్టులు పెంచితే దూసుకుపోతుంది," అన్నాడు మావయ్య.

"దూసుకుపోయి నన్ను గోడకి అతికిస్తావా?"

ఆ శనివారం మావయ్యా, చిన్నదీ కంట్రోలర్నీ, పాత అడాప్టర్నీ సంచిలో వేసుకుని అడాప్టర్ల షాపుకి వెళ్లారు. షాపు నడిపే ఆవిడ కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించి, కంట్రోలర్ని బోర్లించింది.

"పదిహేను వోల్టులని ఇక్కడే రాశాడు కదా. వోల్టులు పెంచారో, లోపలున్నది మాడిపోతుంది. మీ పాత అడాప్టర్ ఒక్క ఆంపుది. దానికి ఓపిక లేదు, అంతే. ఓపికంటే ఆంపులు."

"అయితే పది ఆంపులది ఇవ్వండి. మా అమ్మ ఎక్కే బండి, తక్కువ చెయ్యకూడదు," అన్నాడు మావయ్య ఛాతీ విరుచుకుని.

"ఆవిడ బరువెంత?"

"బొత్తాల పొట్లమంత," అంది చిన్నది.

"పట్టాల మీద ఇనుప వస్తువులేమైనా పడుతుంటాయా?"

చిన్నది ఆలోచించింది. "అమ్మమ్మ చేతికర్ర సూది. దిగేటప్పుడు జారుతూ ఉంటుంది."

"బండి ఆగాకేగా దిగేది! ఆగిన బండి పట్టాల్లో కరెంటెక్కడుంటుంది?" అని నవ్వాడు మావయ్య.

"పాతకాలపు బండికి ఉండదండీ. డిజిటల్‌కి బండి ఆగినా ఉంటుంది. పట్టాల మీద కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఆగు, కదులు అని ఇంజనుకి కబురు అందులోనే వెళ్తుంది. సూది రెండు పట్టాలకీ అడ్డం పడిందనుకోండి, పది ఆంపులూ దాంట్లోకే వస్తాయి. ఎర్రగా కాలుతుంది. పెద్దావిడ దాన్ని చేత్తో తీస్తే?"

మావయ్య ఛాతీ మామూలుగా అయిపోయింది. ఆవిడ పదిహేను వోల్టుల, మూడు ఆంపుల అడాప్టర్ బల్ల మీద పెట్టింది. "కంట్రోలర్ మీద రాసుంది కూడా ఇంతే. ఎత్తు ఎక్కిస్తుంది. దీంతోనైతే, ఏదైనా అడ్డం పడగానే కంట్రోలర్ ఆపేస్తుంది, తీసేస్తే దానంతటదే మళ్లీ ఇస్తుంది."

ఇంటికొచ్చి తగిలించారు. అమ్మ కూడా మిషను ఆపి చూసింది. అమ్మమ్మ మీట తొక్కి, ఎక్కి కూర్చుంది. బండి గోడ వెంట సాగి, ఎత్తు మొదట్లో కాస్త మూలిగింది. ఆగిపోతే బాగుండునని చిన్నదానికి ఒక్క క్షణం అనిపించింది. తనని ఇంకెవరూ పిలవని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. వెంటనే తనమీద తనకే సిగ్గేసింది. బండి మాత్రం ఆగలేదు. ఎండలోకి ఎక్కేసింది.

బండి గట్టు మీద ఆగాక అమ్మమ్మ దిగబోయింది. సూది జారి సరిగ్గా పట్టాలకి అడ్డంగా పడింది. చిటుక్కుమని ఒక్క మెరుపు. కంట్రోలర్ దీపం ఎర్రబడింది.

చిన్నది చెయ్యి చాపుకుని పరుగెత్తింది.

"ఆగు!" అంది అమ్మమ్మ. వంగి, సూదిని వేలితో ఒకసారి తాకి చూసింది. కాలలేదు. తీసి బట్టకి తుడుచుకుంది. దీపం మళ్లీ పచ్చగా వెలిగింది. ఆవిడ మీట తొక్కి, ఖాళీ బండిని తన గదికి పంపింది. మళ్లీ తొక్కి వెనక్కి రప్పించింది. ఊరికే, సరదాకి. తర్వాత గట్టు మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ వీధి చూడబోయి, మొహం చిట్లించింది.

"ఏంటే, అలా కొండలా నిలబడ్డావు? వీధి కనపడట్లేదు. తప్పుకో."

చిన్నది పక్కకి జరిగింది. అమ్మమ్మ మొహం నిండా ఎండ పడింది.

అమ్మ మళ్లీ మిషను ముందు కూర్చుంది. "ఊరెళ్లే పెట్టె అటక మీద ఉంది. మావయ్యని దింపమననా?"

"వద్దులేమ్మా," అంది చిన్నది, అప్పటికే స్టూలు ఎక్కుతూ. "నాకు అందుతుంది."