ఎర్రమట్టి మీద అత్తగారి చీపురు

తెల్లవారుతుండగా ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది చీపురు. దాన్ని పట్టుకుని అత్తగారు కూడా లేచేవారనుకోండి. సర్రు సర్రుమంటూ పెరడంతా ఊడ్చి, జామచెట్టు కిందా నేరేడుచెట్టు కిందా ఒక్క ఎండుటాకు కూడా మిగలకుండా గోనెసంచిలో కుక్కి, చెత్తబండి వచ్చే వేళకి గేటు పక్కన పెట్టేవారు. ఇక ఆ ఎర్రటి నేల అద్దంలా ఉండేది. ఇరుగుపొరుగువాళ్ళు ముక్కున వేలేసుకుని చూసేవారు.

ఆవిడ పుట్టింది, కాపురం చేసింది, పిల్లల్ని పెంచింది ఏటిగట్టు మీద. మూడేళ్ళ కిందట ఆ ఏరే గట్టుని కోసుకుంటూ వంటింటి గోడదాకా వచ్చేసరికి, పెద్దకూతురు వెళ్ళి తీసుకొచ్చింది. వచ్చేటప్పుడు ఆవిడ తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, రెండు పిడుల నీలం సంచి, ఏటిమట్టి నింపిన కుండీలో ఒక మల్లెమొక్క. "కూతురింట్లో కూర్చుని తింటానా?" అని మర్నాడే చీపురు అందుకున్నారు. వద్దంటే ఊరుకుంటారా? వద్దన్న వాళ్ళ కాళ్ళ కింద కూడా ఊడ్చేవారు.

అల్లుడు భూసార పరీక్షా కేంద్రంలో పనిచేస్తాడు. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని పరీక్షించి, దేనిలో ఏం తక్కువైందో చెప్పడం అతని పని. వీధిలో అందరూ 'మట్టి డాక్టరు' అంటారు. పైకి విసుక్కుంటాడు గానీ లోపల మురిసిపోతాడు. ఇన్ని తెలిసిన పెద్దమనిషి సొంత పెరట్లో ఏం జరుగుతోందో కనిపెట్టలేకపోయాడు, అదీ సంగతి.

ఒకప్పుడు కొమ్మలు విరిగేలా కాసిన జామ ఇప్పుడు ఉసిరికాయంత కాయలు రాలుస్తోంది. నేరేడైతే పూత కూడా మానేసింది. ఆకులకి అదోరకం ఊదారంగు జీర. భాస్వరం తక్కువైందని చూడగానే తెలిసిపోయి, అతను సూపర్ ఫాస్ఫేటు బస్తా తెచ్చి పాదుల్లో గుమ్మరించాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ బుధవారం ఉదయం కాఫీ గ్లాసు అందిస్తూ అత్తగారు అన్నారు. "అల్లుడుగారూ, చిన్నమ్మాయి రమ్మంటోంది. ఆదివారం బస్సుకి వెళ్ళిపోతాను."

"ఎన్నాళ్ళుంటారత్తయ్యా?"

"అక్కడే ఉంటాను లెండి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

వంటింట్లో భార్య గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "తను అడుగు పెట్టాకే చెట్లు ఇలా అయ్యాయట. తన చెయ్యి మంచిది కాదట. ఏరు తన ఇంటిని తినేసింది, ఇప్పుడు మన ఇంటికి కూడా ఆ దరిద్రం పట్టిస్తున్నానని రాత్రంతా ఒకటే ఏడుపు. నేనెంత చెప్పినా వినట్లేదండీ."

అతనికి ఒళ్ళు మండింది. "చెయ్యి మంచిది కాకపోవడమేమిటి? మట్టి పట్టుకెళ్ళి పరీక్ష చేస్తాను. ఆవిడ తప్పేమీ లేదని కాగితం మీద రాసి తెస్తాను, సరేనా?"

"తెండి, మట్టి డాక్టరుగారూ," అంది భార్య. మాట వేళాకోళమే గానీ కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి.

చెట్ల కింది ఎర్రమట్టి కొంత, పోల్చి చూడ్డానికి మల్లెకుండీలోని ఏటిమట్టి కొంత పొట్లాలు కట్టుకుని వెళ్ళాడు. వాటిని ఆరబెట్టి, జల్లెడ పట్టి, మందునీళ్ళలో కలిపి వడపోశాడు. ఆ తేటని గాజుగొట్టాల్లో పోసి చివరి మందు చుక్కలు వేస్తే నీలిరంగు తిరుగుతుంది. మొక్కకి అందే భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. కుండీమట్టి గొట్టం చూస్తుండగానే సిరా పోసినట్టయింది. పెరటిమట్టి గొట్టం మంచినీళ్ళలాగే ఉండిపోయింది.

ఇందులో వింతేమీ లేదు. ఏటిమట్టి పడుచుది. కొండల్లో అరిగిన రాతిపొడిని ఏరు ఏటేటా కొత్తగా తెచ్చిపోస్తుంది, ఆ పొడి కరుగుతూ భాస్వరం ఇస్తూనే ఉంటుంది. ఈ ఎర్రనేల అలా కాదు. మనుషులు పుట్టకముందు నుంచీ ఎండకి కాగి, వానకి నాని, రాయి ఇవ్వాల్సిందంతా ఎప్పుడో ఇచ్చేసింది. వాన కడిగినంత కడిగింది. మిగిలినదాన్ని మట్టిలోని ఇనుము పిడికిట్లో బిగించేసింది. పైనుంచి బస్తా గుమ్మరించినా అదీ ఆ పిడికిట్లోకే పోతుంది. ఇదంతా అతను రైతులకి నోరు నొప్పెట్టేలా చెప్పేదే.

మరి ఈ మట్టిలోనే ఇదివరకు అన్ని కాయలు ఎలా కాశాయి? అప్పుడు భాస్వరం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ముసలినేల మీద చెట్టు తన ఆకుల్ని తానే తిని బతుకుతుంది. రాలిన ఆకు కుళ్ళగానే, అందులోని భాస్వరం మట్టికి చిక్కేలోపే పీచువేళ్ళు పైకొచ్చి తాగేస్తాయి. అత్తగారు రాకముందు ఆ ఇంట్లో ఆకులు ఊడ్చే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఆ బద్ధకమే చెట్లని సాకింది! సర్రు సర్రుమనే చప్పుడు అతని చెవుల్లో మోగింది. ఆవిడ తప్పు లేదని రుజువు చేద్దామని బయలుదేరితే చివరికి తేలింది ఇదా? నిజంగానే ఆవిడ చెయ్యే.

భార్యకి చెబితే ముందు ఫక్కున నవ్వింది. ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పురుగు పట్టిందని చెప్పేద్దురూ."

అతనికీ ఆ ఆలోచన రాకపోలేదు. పురుగంటే ఆవిడ నమ్ముతారు, ఉండిపోతారేమో కూడా. కానీ మర్నాడు పొద్దున్నే మళ్ళీ చీపురు లేస్తుంది, చెట్లు చస్తాయి. అప్పుడిక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరం? నిజం చెబితే ఆ క్షణమే చచ్చిపోయేంత సిగ్గుపడతారు. మింగలేక కక్కలేక శనివారం సాయంత్రం దాకా నెట్టుకొచ్చాడు. అప్పటికే నీలం సంచి నిండి గుమ్మం పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి," అని పెరట్లోకి పిలిచాడు.

నీళ్ళతొట్టి వెనక చీపురు దూరని ఇరుకు మూల ఒకటుంది. అక్కడ ఏళ్ళ తరబడి జామాకులు మెత్తగా పేరుకున్నాయి. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ పొరని మెల్లగా ఎత్తాడు. కింద తెల్లటి పీచువేళ్ళు, దారాలకంటే సన్నగా, మట్టిలోకి కాకుండా పైకి ఆకుల్లోకే పాకి ఉన్నాయి. ఒక్కో ఎండుటాకునీ పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకున్నాయి.

ఆవిడ వంగి చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి అద్దంలాంటి పెరడంతా చూశారు. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"అంటే నేను రోజూ దీని ముందు నుంచి కంచం లాగేశానన్నమాట."

"మీ చెయ్యి చెడ్డది కాదత్తయ్యా. అక్కడ మీరెంత ఊడ్చినా ఏరు మళ్ళీ తెచ్చిపోసేది. ఇది బాగా ముసలినేల. దీనికి కొత్తగా తెచ్చిపెట్టేవాళ్ళెవరూ లేరు."

"ముసలిదైతే ఇక దాని దగ్గర ఏమీ ఉండదా బాబూ?"

ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని బాబూ అనడం అదే మొదటిసారి. అతను కూడా కాఫీ బాగుందనో, మందులు వేసుకున్నారా అనో తప్ప ఆవిడతో మనసులోని మాట ఒక్కటీ అనలేదు.

"ఎందుకుండదు? ఉన్నదాన్ని తీసి పారెయ్యకుండా ఉంటే చాలు. దాంతోనే చెట్లన్నీ బతుకుతాయి," అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "మీరు వెళ్ళొద్దత్తయ్యా."

అతను ఎత్తిన ఆకుల పొరని ఆవిడ మళ్ళీ వేళ్ళ మీద కప్పి, చేత్తో సర్ది లోపలికి వెళ్ళిపోయారు. రాత్రి భోజనాలయ్యాక కూడా నీలం సంచి గుమ్మం పక్కనే ఉంది.

ఆదివారం అతనికి మెలకువ వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. చీపురు చప్పుడు లేదు. గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. నీలం సంచి లేదు. గేటు బార్లా తీసి ఉంది. 'చెప్పకుండానే వెళ్ళిపోయారు. పురుగని చెప్పి ఉంటే ఇవాళ ఇంట్లోనే ఉండేవారు' అనుకున్నాడు. చెప్పులైనా తొడుక్కోకుండా బస్సులు ఆగే వైపు పరుగు తీశాడు.

వీధి మలుపు తిరిగేసరికి సర్రు సర్రుమని చప్పుడు వినబడింది.

రోడ్డు పక్క పెద్ద చెట్టు కింద అత్తగారు ఊడుస్తున్నారు. చెత్తబండి అతను బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "ఆ ఆకుల్ని నీ బండిలో వేశావంటే ఊరుకోను! ఎవరి తిండి ఎక్కడికి పట్టుకుపోతున్నావో నీకు తెలుసా?" అని ఆవిడ అతనికి గడ్డి పెడుతున్నారు. పక్కనే నీలం సంచి నోరు తెరుచుకుని ఉంది. దాన్నిండా ఎండుటాకులు.

అల్లుణ్ణి చూసి ఆవిడ చీపురు ఆపారు. "ఇదేమిటి అల్లుడుగారూ, చెప్పులు లేకుండా వచ్చారు?"

అతను నీలం సంచి వైపు చూశాడు. ఆవిడ ఒక్క క్షణం అతని కాళ్ళ వైపు, ఇంకో క్షణం మొహం వైపు చూశారు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "బట్టలు అలమరలో సర్దేశాను. సంచి ఖాళీగానే ఉంది కదా అని..." అన్నారు.

ఒక పిడి తను పట్టుకుని, రెండోది అతని వైపు చాపారు.

"పట్టుకోండి. మూడేళ్ళ తిండి బాకీ పడ్డాను."