వెర్న్ నింపిన తూటాలు

టిల్లెట్ అన్నాచెల్లెళ్ళు నా కొట్టుకి ఒకే ట్రక్కులో వచ్చారంటే పోట్లాట దారిలోనే మొదలైపోయిందని అర్థం. ఇద్దరూ చెరో పక్క తలుపు ధడాలున వేసుకుని దిగారు. మార్చి చివర, పౌడర్ నది మీంచి వచ్చే గాలి సేజ్ పొదల్ని నేలకేసి తొక్కుతున్న రోజులు. గొర్రెలు ఈనుతున్నాయి. పుట్టిన పిల్లల్ని పుట్టినట్టే కయోటీలు ఎత్తుకుపోతున్నాయి. తోడేలుకు తమ్ముడు, నక్కకు అన్న ఆ జంతువు. ఇద్దరి బుద్ధీ దానికే వచ్చింది.

నేను చలికాలం వాటి తోళ్ళు కొంటాను. ఏడాది పొడుగునా వాటిని చంపే తుపాకులు అమ్ముతాను. పాడైన తుపాకులు వెనక గదిలో బాగుచేస్తాను. కయోటీ చచ్చినా బతికినా నాకు ఏదో ఒక రూపంలో బేరమే. కొట్టు నడుపుకునేదాన్ని, అందుకని టిల్లెట్ వాళ్ళ గొడవలో నాకు పక్షం ఉండకూడదు. ఉండకూడదనే ఆ రోజు వరకూ అనుకున్నాను.

తండ్రి పోయాక మంద, మేత భూమి ఇద్దరికీ సగం సగం వచ్చాయి. పక్కనున్న పశువుల ఆసామి కెటరింగ్ మొత్తం కొంటానన్నాడు. అన్న వెర్న్ రేపే అమ్మేద్దామంటాడు. చెల్లెలు నోలా చచ్చినా అమ్మనంటుంది. ఒకరు లేకుండా ఇంకొకరి సంతకం చెల్లదు.

"దీనికో తుపాకీ కావాలట," అన్నాడు వెర్న్, చెల్లెలి వైపు గడ్డం ఊపుతూ. "గొర్రెల్ని కాస్తుందట. నీ దగ్గర బొమ్మ తుపాకులు ఉన్నాయా ఆర్డిస్?"

"నీ పెళ్ళినాడు నువ్వు కొన్నదుంది. వాడకుండానే తిరిగొచ్చింది," అన్నాను. అతని పెళ్ళి సంగతి కౌంటీ అంతా ఎరుగును.

నోలా నవ్వలేదు. ఆమె అప్పటికే గోడకున్న వరసని చూస్తోంది. "దూరం ఎక్కువ, గాలి ఎక్కువ. తోలు అక్కర్లేదు, చావడం కావాలి. ఏది?"

అడిగే పద్ధతి నాకు నచ్చింది. చాలామంది మెరుపు చూసి కొంటారు. ముందు టూ ట్వంటీ త్రీ దించాను, ఈ తుపాకుల పేర్లు వాటి తూటా కొలతలే. తూటా చవక, ఎక్కడైనా దొరుకుతుంది, భుజానికి దెబ్బ తగలదు. కానీ మా గాలికి దూరం పెరిగే కొద్దీ దాని గుండు ఎక్కడికి కొట్టుకుపోతుందో దానికే తెలియదు. తర్వాత టూ ఫార్టీ త్రీ. గుండు బరువు, గాలికి లొంగదు. కానీ తన్నుతుంది. తన్నే తుపాకీతో దెబ్బ ఎక్కడ పడిందో కాల్చినవాడికే కనబడదు. నడుమ ట్వంటీ టూ టూ ఫిఫ్టీ. గుండు చిన్నది, వేగం ఘోరం, దూరానికీ గీత గీసినట్టు పోతుంది. దానికున్న జబ్బు ఒక్కటే. ఆ వేగానికి గొట్టం లోపల గుండుని తిప్పే మెలిగాట్ల మొదలు ఏళ్ళు గడిచేకొద్దీ కాలి, ముందుకి ముందుకి జరిగిపోతుంది.

"నా దగ్గరున్నది అదే," అన్నాడు వెర్న్. "నీకు మోయడానికి బరువు. కుందేళ్ళ తుపాకీ కొనుక్కో, చెల్లెమ్మా."

"ఇదే కావాలి," అంది నోలా, బరువు గొట్టం ఉన్న కొత్త టూ ఫిఫ్టీని బల్ల మీదకి లాక్కుంటూ.

"కొనుక్కో. నాకేం. ఆర్డిస్, నువ్వు సాక్షివి. తుపాకీ ఎంచుకున్నది ఇది. తూటాలు కూడా ఇదే ఎంచుకుంటుంది. రేపు గాలిని తిట్టకూడదు, నన్ను తిట్టకూడదు. తను ఎంచుకున్న తుపాకీ, తను ఎంచుకున్న తూటా చేతిలో పెట్టుకుని కూడా ఇంకొక్క గొర్రెపిల్లని కయోటీకి వదిలిందా, కెటరింగ్ కాయితం మీద సంతకం పెట్టాలి."

"ఈనడం అయ్యేదాకా ఒక్కటీ పోకపోతే?"

"అమ్మకం మాట మళ్ళీ ఎత్తను."

నోలా కళ్ళు నా వైపు తిరిగాయి. నేను మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. నా అద్దాల బల్ల మీంచి ఇద్దరూ చేతులు కలుపుకున్నారు, ఒకరి వేళ్ళు ఒకరు విరగ్గొట్టుకునేట్టు.

తర్వాత నోలా బల్ల మీద ఫ్యాక్టరీ తూటాల డబ్బా పెట్టింది. మంచి డబ్బానే ఏరింది, తగలగానే విచ్చుకునే మొన ఉన్నవి. వెర్న్ దాన్ని తీసి తన చేత్తోనే తిరిగి అరలో పెట్టాడు.

"డబ్బాలో తూటాలెందుకు? నేను నింపి ఇస్తా. స్కోపు కూడా బిగించి, గురి సరిచేసి పంపిస్తా."

ఆమె నిలబడిపోయింది. వెర్న్ మీద ఎవరికెంత కంటగింపు ఉన్నా, అతని చేతి తూటాల సంగతికొస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి. ప్రతి ఇత్తడి గుల్లనీ కొలుస్తాడు, మందుని రవ్వ రవ్వగా తూస్తాడు. తండ్రి పోయాక ఆమెకి అతను ఇస్తానన్న మొదటి వస్తువు అదే. ఆమె మొహం కొంచెం మెత్తబడడం చూశాను.

"సరే," అంది.

ఆమె తుపాకీ సంచీ తీసుకుంటుంటే నేను చెప్పాను: "నోలా, ఇంకొకరు నింపిన తూటా వాళ్ళ తుపాకీ కొలతకి పుడుతుంది. పేల్చి చూసి ఊరుకోకు. ఒకటి లోపల పెట్టి, పేల్చకుండా తీసి చూడు."

"విను, విను," అన్నాడు వెర్న్. "డబ్బా అమ్ముడుపోలేదని ఆర్డిస్‌కి కడుపు నొప్పి."

కడుపు నొప్పి నిజమే. అయినా మాట కూడా నిజమే.

రోజులు గడిచాయి. మళ్ళీ నోలా వచ్చినప్పుడు కొట్టు తలుపు గోడకి కొట్టుకుంది. మోకాళ్ళ దాకా బురద, పెదాలు గాలికి పగిలి ఉన్నాయి. తుపాకీని బల్ల మీద పడేసింది. తూటాని లోపలికి తోసే బోల్టు తెరిచి ఉంది. లోపలంతా నల్లటి మందు గింజలు, ట్రిగ్గర్ సందుల్లోకి కూడా.

"నువ్వు అమ్మిన పీనుగ. చూసుకో."

"నెమ్మదిగా చెప్పు."

"ఏం నెమ్మది? వాగు పైన గుట్ట మీద కూర్చుని, ఈల ఊది కయోటీల్ని పిలిచాను. కుందేలు అరుపు, కుక్కపిల్ల అరుపు, అన్నీ ఊదాను. ఏదీ రాలేదు. లేచి కంచె దాటాలి కదా, తూటా తీసేద్దామని బోల్టు లాగాను. మందు నా చేతిలో కారింది. వట్టి గుల్ల బయటికొచ్చింది, గుండు లేదు. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను, ఆర్డిస్, అప్పుడు లేచింది కయోటీ. సేజ్‌లో కూర్చుని నన్నే చూస్తోందన్నమాట ఇంతసేపూ. నింపాదిగా దిగి వెళ్ళి, పిల్లని మెడ పట్టుకుని తీసుకుపోయింది. ఇంకో తూటా పెట్టబోతే బోల్టు మూసుకోలేదు. రాళ్ళు విసిరాను. రాళ్ళు!"

"మూసుకోకపోవడం నీ అదృష్టం. మూసుకుని, గొట్టంలో ఇరుక్కున్న గుండు వెనక నువ్వు ఇంకోటి పేల్చి ఉంటే గొట్టం నీ మొహం మీద చీలేది."

తుపాకీని వెనక గదికి తీసుకెళ్ళి, మందంతా ఊది దులిపాను. మూతి వైపునుంచి కడ్డీ పెట్టి తట్టాను. రెండో దెబ్బకి గుండు వెనక్కి రాలింది. దాని చుట్టూ మెలిగాట్ల పళ్ళు దిగిన గీతలు, చిన్నగా, వరసగా. బల్ల మీద ఆమె ముందు పెట్టాను.

"నేను చెప్పినట్టు పెట్టి తీసి చూశావా?"

"డబ్బా రేకుని కొట్టి చూశాను. ఒక్కటీ గురి తప్పలేదు."

"పేల్చావు కాబట్టి గుండు ముందుకే పోయింది. తియ్యలేదు కాబట్టి తెలియలేదు. బోల్టు మూసేటప్పుడు బిగుతుగా లేదూ?"

"కొత్త తుపాకీ కదా, బిగుతుగా ఉందనుకున్నా."

ఆమెకి విడమరిచి చెప్పాను. వెర్న్ తుపాకీ పాతది, దాని మెలిగాట్ల మొదలు కాలిపోయి ముందుకి జరిగింది. అందుకని అతను గుండుని గుల్లలోంచి బాగా బయటికి పెడతాడు, గాట్లని తాకేట్టు. అతని గురి అంతా ఆ తాకుడులోనే ఉంది. అదే తూటా కొత్త గొట్టంలో పెడితే గుండు గాట్లలో మేకు దిగినట్టు దిగుతుంది. తీస్తే గుల్ల వస్తుంది, గుండు రాదు.

బయట ట్రక్కు ఆగింది. వెర్న్ లోపలికొచ్చాడు, చంకలో కెటరింగ్ కాయితాలు.

"గొర్రెల కాపరి చెప్పాడు. పోయిందటగా. పెన్ను నీ దగ్గరుందా ఆర్డిస్?"

"నీకు తెలుసు," అంది నోలా. గొంతు లేవలేదు. "నీ షెడ్డులో వారం పెట్టుకున్నావు నా తుపాకీని. నీకు తెలుసు."

"నాకు తెలిసింది నా తుపాకీ కొలత. ఎప్పుడూ నింపేదే నింపాను. నువ్వు అడిగావా? అడగలేదు. చేయి కలిపావా? కలిపావు."

"వెర్న్," అన్నాను, "వెంట్రుక మందం తేడా వస్తే తూటా విప్పి మళ్ళీ కూర్చోబెట్టేవాడివి. ఆమె గొట్టం కొలవకుండా నింపావా?"

"నువ్వు సాక్షివి, జడ్జీవి కాదు. పిల్ల పోయింది. అవునా కాదా?"

నా లెక్కలు నేను వేసుకున్నాను. వెర్న్ ఏడాది పొడుగునా మందు, గుళ్ళు, గుల్లలు నా దగ్గరే కొంటాడు. అతన్ని చూసి కొనేవాళ్ళు ఇంకో గుప్పెడు మంది. నోలా కొన్నది ఒక్క తుపాకీ. ఇదొక వైపు. రెండో వైపు, ఇంకొకరి సొమ్ము దోచుకోవడానికి నా బల్ల మీద చేయి కలిపి నన్ను సాక్షిగా వాడుకున్నాడు. ఆ కబురు బయటికి పొక్కితే, ఈ బల్ల మీద జరిగిన ఏ బేరానికీ విలువుండదు. నేను అమ్మేది తుపాకులే అయినా, బతికేది ఆ విలువ మీద.

"పిల్ల పోయింది," అన్నాను. "సాక్షిని కాబట్టి నువ్వన్నది కూడా చెప్తాను. తను ఎంచుకున్న తుపాకీ, తను ఎంచుకున్న తూటా అన్నావు. ఆమె ఎంచుకున్న డబ్బా ఇక్కడ పెట్టింది. నువ్వు తీసి అదిగో, ఆ అరలో పెట్టావు. ఇంకా అక్కడే ఉంది. ఆమె ఎంచుకున్న తూటా ఇంతవరకూ ఆ తుపాకీలోకి వెళ్ళనే లేదు. నీ షరతు ఇంకా మొదలే కాలేదు."

"మాటలు ఎవరు లెక్కపెడతారు?"

"నువ్వే పెట్టావు. లేకపోతే నన్నెందుకు సాక్షిగా నిలబెట్టావు?"

అతని మెడ ఎర్రబడింది. చెల్లెలి వైపు చూశాడు, ఆమె ఆ గుండుని వేళ్ళ మధ్య తిప్పుతోంది. "సరే. మొదలెట్టనీ. ఈ గాలిలో ఇది కయోటీని కొట్టడం నేనూ చూస్తా. ఆర్డిస్, నీ గుమ్మం ఇంక తొక్కను."

"తలుపు నెమ్మదిగా వెయ్యి. అద్దం నాది."

అతను వెళ్ళాక నోలా నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. "ఆ డబ్బా వెనక్కి పెడుతున్నప్పుడే నువ్వీ మాట అనాల్సింది," అంది.

"అన్నాను. పెట్టి తీసి చూడమన్నాను."

"ఇంకా గట్టిగా అనాల్సింది."

డబ్బా ఇచ్చాను. వెనక ఉన్న మట్టి గట్టు దగ్గర ఆమె చేతే గురి సరిచేయించాను. ఒక తూటా పెట్టి, పేల్చకుండా తీయించాను. గుండుతో సహా పూర్తిగా వచ్చింది. దాన్ని అలాగే ఇంకోసారి పెట్టి తీసింది, నన్ను నమ్మకుండా.

ఆ వారంలోనే ట్రక్కు వెనకాల ఒక పెద్ద ఆడ కయోటీని వేసుకొచ్చింది. పాలు ఉన్నది, పిల్లల కోసం వేటాడుతున్నది. నేను తోలు పట్టి లాగాను, వెంట్రుకలు నా చేతిలోకి వచ్చాయి.

"వసంతంలో తోలు. కొనను."

"అమ్మడానికి తేలేదు. దెబ్బ ఎక్కడ పడిందో చూడు."

జబ్బ వెనకాల, సరిగ్గా పడాల్సిన చోట. "గాలి ఉందా?"

"టోపీ ఎగిరిపోయింది," అంది. ఆ తర్వాత, మొదటిసారిగా, కొంచెం నవ్వింది.

ఈనడం అయిపోయేదాకా ఇంకో పిల్ల పోలేదు. చచ్చిన కయోటీని ఇద్దరి ఇళ్ళ మధ్యనున్న కంచెకి వేలాడదీసింది నోలా, తల అన్న ఇంటి వైపు తిప్పి. అతను దాన్ని తీయలేదు. తీస్తే ఒప్పుకున్నట్టు. అది ఎండి, గాలికి గలగలమనేదాకా అక్కడే ఉంది. కెటరింగ్ కాయితాలు ఏమయ్యాయో నేను అడగలేదు. గొర్రెలు మాత్రం అక్కడే మేస్తున్నాయి.

వెర్న్ ఇప్పుడు మందు కోసం క్యాస్పర్ పట్నం దాకా పోతాడు. ట్రక్కు నా కొట్టు ముందు నుంచే పోవాలి. నేను చేయి ఊపుతాను, అతను ఊపడు. నాకు తొందర లేదు. అతని తుపాకీ గొట్టం ఇప్పటికే సగం కాలిపోయింది. గుండు ఎంత బయటికి పెట్టినా గాట్లని అందుకోని రోజొకటి వస్తుంది. ఈ చుట్టుపక్కల గొట్టం మార్చేది నేనొక్కదాన్నే.