పేజీ అడుగున తేదీ

గ్రంథాలయం మేడమీది గదిలో నెలనెలా రెండో శనివారం కొందరు చేరతారు. తమ వెబ్‌సైట్లు తామే కట్టుకునే వాళ్ళ సంఘం అది. ఒకాయన సైటు నిండా ఆయన పిల్లి నిద్రపోయిన భంగిమలు. ఇంకొకామె వృత్తికి పళ్ళ డాక్టరు, సైటు మాత్రం వానపాముల మీద. ఎవరూ చదవరని తెలిసీ వారానికో పేజీ రాసే ఈ జనాన్ని చూస్తే, మెచ్చుకునే నాథుడు లేకపోయినా పూటపూటా పొయ్యి వెలిగించే ఇల్లాలికి తన చుట్టాల్ని చూసినట్టే ఉంటుంది.

గుమ్మంలో నిలబడ్డ అక్కకూ అలాగే అనిపించింది. కానీ ఆమె వచ్చింది వెబ్‌సైటు నేర్చుకోవడానికి కాదు, తమ్ముణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి.

రెండున్నరేళ్ళ కిందట, ఉద్యోగం మానేసి పాత రేడియోలు బాగుచేసుకుంటానని అతను భోజనాల దగ్గర చెప్పాడు. “నీ చేతిలో పడితే ఆ రేడియోలు కూడా ఉద్యోగం మానేస్తాయిరా,” అందామె. ఇంటిల్లిపాదీ నవ్వారు. అతను సగం తిన్న కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఫోను నంబరు కూడా మార్చేశాడు.

నెల తరవాత ఆమె కూతురు మామయ్య సైటు పట్టుకుంది. అందులో రేడియోల ఫొటోలు, వాటి జబ్బులు, అతను చేసిన వైద్యం. పేజీ అడుగున ఒక వరస: ‘చివరిసారి మార్చినది’. పక్కన ఆ రోజు తేదీ. మర్నాడు చూస్తే మర్నాటి తేదీ.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో కాఫీ కన్నా ముందు ఆ పేజీ తెరిచి, రేడియోల జోలికి పోకుండా తిన్నగా అడుగున తేదీ చూసేవారు.

“లేచాడా?” అని మంచం మీంచి అమ్మ అడిగేది.

“నీకంటే ముందే లేచాడమ్మా.”

పోలీసులకు చెబుదామా అని భర్త ఒకసారి అంటే, “రోజూ పేజీ దిద్దుకునేవాడు తప్పిపోయినట్టు ఎలా అవుతాడండీ? మన మీద అలిగాడు, అంతే,” అని ఆమే కొట్టిపారేసింది.

రెండో శనివారాలు ఈ గదికి వస్తుంటానని అతను సైటులోనే రాసుకున్నాడు. అయినా ఆమె ఇన్నాళ్ళూ రాలేదంటే అది పౌరుషం కాదు, సిగ్గు. తప్పు తనదైనప్పుడు గడప దాటడం మరీ కష్టం. చివరికి అమ్మే, “నవ్వించి పంపేశావు, నువ్వే వెళ్ళి పిలుచుకురా,” అంది.

గదిలో అతను లేడు. ఆలస్యంగా వస్తాడేమోనని ఆమె తలుపుకు ఎదురుగా కూర్చుంది.

“కొత్తగా వచ్చారా ఆం... అక్కా?” పక్క కుర్చీలోని పళ్ళ డాక్టరు ‘ఆంటీ’ని సగంలో మింగేసింది. “మీ సైటు చూపించండి. ఇక్కడ అదే ప్రవేశ రుసుము.”

“నాకెక్కడిదమ్మా! మా తమ్ముడిది ఉంది,” అంటూ అక్క ఫోను తీసి చూపించింది.

“రేడియో డాక్టరుగారా! నేను పళ్ళ డాక్టర్ని, ఆయన రేడియో డాక్టరు. ఒకర్నొకరం వెక్కిరించుకునేవాళ్ళం. ఆయన వచ్చి రెండేళ్ళు దాటిందే! పనిలో మునిగిపోయాడు అనుకున్నాం. సైటు చూస్తే రోజూ మారుస్తూనే ఉన్నాడాయె. ఉండండి, కొత్తగా ఏం రాశాడో చూద్దాం.”

ఆమె తన లాప్‌టాప్‌లో పేజీ తెరిచి, దాని వెనకాల ఉండే రాతలోకి వెళ్ళింది. నవ్వు ఆగిపోయింది. “మాస్టారూ, ఒకసారి ఇటు రండి,” అని పిలిచింది.

సంఘం నడిపే రిటైరైన లెక్కల మాస్టారు వచ్చి, కళ్ళజోడు పైకి తోసి చదివారు. రెండోసారి కూడా చదివారు.

“అమ్మా, ఈ తేదీ ఆయన వేస్తున్నది కాదు.”

“మరెవరు వేస్తున్నారండీ?”

“ఎవరూ వేయడం లేదు. ఇది చూసేవాళ్ళ ఫోన్లో గడియారాన్ని అడిగి ఆ తేదీ చూపిస్తుంది. పేజీ మారినా మారకపోయినా అంతే. కొత్తలో మేమందరం చేసిన పొరపాటే.”

అక్క తన ఫోను వైపు చూసుకుంది. “అంటే... నేను చూశాను కాబట్టి...”

“అవునమ్మా. మీరు ఏ రోజు చూస్తే ఆ రోజు.”

“వాడు నిజంగా ముట్టుకున్నదెప్పుడు?”

పళ్ళ డాక్టరు వెతికి చూపించింది. ఇల్లు వదిలిన నలభై రెండో రోజు. ఆ తరవాత ఏమీ లేదు. ఉచితంగా పెట్టుకునే చోటు కనుక పేజీని ఎవరూ తీసేయలేదు.

అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. కూతురు సైటు పట్టుకున్నది ముప్ఫయ్యో రోజున. అమ్మకు చెప్పిన వాటిలో పన్నెండు పొద్దులు నిజమై ఉండవచ్చు. మిగతావన్నీ తానే లేపింది.

“మేమూ ఆ తేదీ చూసే ఊరుకున్నాం. ఫోన్ చేద్దామని ఒక్కరికీ తోచలేదు,” అన్నారు మాస్టారు, ఆమె వంక చూడకుండా.

గది అవతలి కొసన పిల్లి ఆయన తన కొత్త పేజీని గోడ మీద వేసి చూపిస్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పళ్ళ డాక్టరు లాప్‌టాప్ మూసి, “పదండక్కా, నేనూ వస్తాను,” అంది.

పోలీస్ స్టేషన్ రెండు వీధుల అవతలే ఉంది. బల్ల వెనక కూర్చున్నతను పేరు, వయసు, పోలికలు రాసుకుంటూ వచ్చి, తేదీ దగ్గర తలెత్తాడు.

“రెండున్నరేళ్ళా! అయినవాళ్ళయి ఉండి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?”

ఆమె ఫోను తీసి, ఆ పేజీ అడుగున తేదీ అతని ముందు పెట్టింది.

“రోజూ పొద్దున్నే చూసుకుంటూనే ఉన్నామండీ,” అంది.