రూపాయి బోణీ

కాసులమ్మకి ఇంటర్నెట్టంటే ఏమిటో తెలీదు గానీ, అమ్మకం గురించి ఆవిడకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. దీవి చూడ్డానికొచ్చే టూరిస్టులు తిరిగే సిప్పీఘాట్ రోడ్డు పక్కన ఇరవయ్యేళ్లు కొట్లో కూర్చున్న మనిషి. వెనక షెడ్డులో మొగుడు దాలయ్య బరువైన ఎర్రటి పడాక్ కర్రతో పడవలూ తాబేళ్లూ చెక్కేవాడు, ముందర ఈవిడ అమ్మేది. వచ్చిన టూరిస్టు గీచిగీచి బేరమాడే రకమో, ముచ్చటపడి కొనేసే రకమో మొహం చూసి ఇట్టే చెప్పేసేది. అలాంటి మనిషి ఏం చేసిందో వినండి. తప్పని మీరనలేరు, ఒప్పని నేననలేను.

సునామీ నాడు కొట్టూ, షెడ్డూ, ఆరబెట్టిన కర్రా అన్నీ పోయాయి. వచ్చిన నీళ్లు తిరిగి పోలేదు కూడా. నేల కుంగిపోయి, పోటు వచ్చినప్పుడల్లా వాళ్ల కొట్టున్న చోట ఉప్పునీళ్లే. అదొక ఎత్తు. ఒక్కగానొక్క కొడుకు నూకన్న, చర్చిలో బల్లలు బిగించే పని మీద కార్ నికోబార్ దీవికి వెళ్లినవాడు, మరి రాలేదు. కడసారి చూపుకి శవం కూడా దొరకలేదు.

ఆ పొద్దున నేల ఊగగానే దాలయ్య ఉలుల సంచీ చంకన పెట్టుకుని గట్టెక్కాడు. అదొక్కటే మిగిలింది. తర్వాత దాని ముడి విప్పితే ఒట్టు. బ్రూక్షాబాద్‌లో సునామీ బాధితులకిచ్చిన రేకుల గది, మంచం కింద సంచీ, మంచం మీద ఆయన. రెండేళ్లు అలాగే గడిచాయి. ఏదైనా చెక్కరాదా అంటే, "ఎవుడి కోసమే?" అనేవాడు. కాసులమ్మ కోరిక ఒక్కటే. ఆయన మళ్లీ ఉలి పట్టాలి, అంతే. ఇంతకు మించి ఆ మహాతల్లి ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

దారి చూపించింది అన్నగారి కూతురు సుష్మ. గోల్ ఘర్‌లో నెట్ సెంటర్లో పనిచేస్తుంది. గృహప్రవేశానికి దాలయ్య వాళ్లకిచ్చిన హోడీ, అదే, నికోబారీలు తెడ్డేసే పక్కకర్ర పడవ బొమ్మ, ఆ ఇంట్లో భద్రంగా ఉంది. ఆయన చేతి పనిలో మిగిలింది అదే.

"నెట్‌లో వేలానికి పెడదాం అత్తా. మెయిన్‌లాండ్ వాళ్లు పోటీపడి పాడుతుంటే మామ చూడాలి. అప్పుడెందుకు చెక్కడో చూద్దాం."

పిల్ల తెలివైందే. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీసింది. పొడవు కొలిచింది. అడుగున సన్నటి బీట ఉంటే అదీ దాచకుండా రాసింది. "మనం చెప్పకపోతే కొన్నవాళ్లు తర్వాత చెప్తారత్తా, అందరి ముందూ" అంది. కాసులమ్మ పెదవి విరిచింది.

"ఫొటోలో కర్ర వాసన రాదు కదే."

"అందుకే ఎవరు చెక్కారో, ఎలా చెక్కారో రాశాను. ఇంకోటి విను. పాట రూపాయితో మొదలు. తక్కువలో పెడితేనే జనం మూగుతారు, ఒకణ్ణి చూసి ఒకడు పెంచుతాడు. ఆఖరి గంటలోనే అసలు ఆట. అప్పటిదాకా సబర్ కరో, ఓపిక పట్టు."

ఆ రాత్రి కాసులమ్మ అన్నం వడ్డిస్తూ, "నీ పడవని ఢిల్లీ వాళ్లు చూస్తన్నారంటయ్యా" అంది. దాలయ్య తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. మర్నాడు నెట్ సెంటర్నించి వచ్చి ఆవిడ చెప్పులు విడవకముందే, "ఈ వేళ ఎంతమంది చూశారు?" అన్నాడు. ఆ మర్నాడు సంచీ ముడి విప్పాడు. కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడిచి, సానరాయి మీద ఒక్కో ఉలీ నూరాడు. ఎక్కణ్ణించో పడాక్ చెక్క తెచ్చి గోడకి ఆనించాడు. ఆ నూరే చప్పుడు వింటూ కాసులమ్మ పొయ్యి దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాతి రోజు మొదటి పాట వచ్చింది. నాగ్‌పూర్ మనిషెవరో. రూపాయి.

"వాడికిచ్చీ" అంది కాసులమ్మ.

సుష్మకి అర్థం కాలేదు. "ఏటిచ్చేది? ఇంకా మూడు రోజులుంది. ఇప్పుడే మొదలైంది."

"బోణీ బేరమే. మూడు రోజులు మనిషిని గుమ్మంలో నిలబెడతావేటి?"

"అత్తా, అక్కడెవరూ నిలబడి లేరు. ఇది వేలం."

అది ఆవిడ బుర్రకెక్కితేగా. ఇరవయ్యేళ్లలో మొదటి గిరాకీని ఉత్త చేతుల్తో పంపిన పాపాన పోలేదు ఆవిడ. అడిగినంతకిచ్చి, వచ్చిన డబ్బు కళ్లకద్దుకునేది. ఆ ఆదివారం పొద్దున బోణీ కాకముందే సముద్రం వచ్చింది. అప్పట్నించీ దాలయ్య చేతులకి బోణీ లేదు. ఇన్నాళ్లకి ఒకడొస్తే వాణ్ణి పోగొట్టుకుంటే, మరి ఆ చేతులు లేస్తాయా? ఇదీ ఆవిడ లెక్క. సుష్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి, "ఠీక్ హై, నీ ఇష్టం" అని అక్కడితో వేలం మూసేసి, పాడినవాడికి ఇచ్చేసింది.

కాసులమ్మ రేకుల గదికి పరిగెత్తినంత పని చేసింది.

"బోణీ అయిందయ్యా."

దాలయ్య లేచి నిలబడ్డాడు. లేచి నిలబడ్డాడండీ ఆ మనిషి. "ఎంతకి?"

ఆవిడ అప్పుడు ఆలోచించింది. అమ్మకం తెలిసిన మనిషికి అప్పుడు తెలిసింది. కొట్లో బోణీ తర్వాత రోజంతా ఉంటుంది, ఇంకో పడవ ఉంటుంది, ఇంకో గిరాకీ వస్తాడు. ఇక్కడ ఉన్నదొక్కటే పడవ.

"రూపాయికి" అంది.

"రూపాయా."

"బోణీ కదా."

"అవును. బోణీయే" అన్నాడు దాలయ్య. తిట్టలేదు. తిట్టుంటే ఎంత బావుండేది. "పార్సెలు నేను కడతాన్లే" అని మాత్రం అన్నాడు.

మంచి పెట్టెకి మంచి కర్ర కావాలి కదా. గోడకి ఆనించిన ఆ పడాక్ చెక్కే కోసి పెట్టె చేశాడు. ఆయన చేతులు కదులుతుంటే చూస్తూ కూర్చుంది కాసులమ్మ. కొంచెం ఆశ కూడా పడింది, పిచ్చిది. పని రుచి తగిలితే ఆగదులే అనుకుంది. మూతకి మేకులు కూడా ఆయనే కొట్టాడు. పోస్టాఫీసులో తూకం వేస్తే ముల్లు బాగానే లేచింది. పడాక్ బరువే కదా అనుకుంది.

పార్సెలు ఓడెక్కి మద్రాసు మీదుగా నాగ్‌పూర్ చేరేసరికి వానలు మొదలయ్యాయి. దాలయ్య మంచం దిగలేదు. ఓ మధ్యాహ్నం సుష్మ కబురంపితే కాసులమ్మ గోల్ ఘర్ వెళ్లింది. కొన్నాయన మంచివాడే. మెచ్చుకుని ఐదుకి ఐదు చుక్కలూ ఇచ్చాడు. కింద రాసింది సుష్మ తెలుగులో చదివి చెప్పింది.

"పడవ చాలా అందంగా ఉంది. ఇంత చవగ్గా దొరుకుతుందనుకోలేదు. పెట్టెలో దాంతోపాటు కొన్ని ఉలులు కూడా ఉన్నాయి, బాగా నూరినవి. పొరపాటున వచ్చినట్టున్నాయి. తిరిగి పంపమంటారా?"

సుష్మ అత్త వైపు తిరిగింది. "ఏం రాయను అత్తా?"

కాసులమ్మ తెర మీది అక్షరాల్ని వేలితో తడిమింది. చదవడం రాదు ఆవిడకి.

"పొరపాటు కాదని రాయమ్మా" అంది.