పన్నెండు ఎడమ చేతులు

మార్చి పద్నాలుగు, శనివారం సాయంత్రం అయిదు గంటలకు ఆస్ట్రేలియాలోని హోబార్ట్ రేవు పక్కనున్న ఒక గ్యాలరీలో పదకొండు మైనపు చేతులను కరిగించారు. పన్నెండోదాన్ని మెర్విన్ పాస్కో తన ఇంటికి తీసుకెళ్లాడు.

పన్నెండూ ఆడవాళ్ల ఎడమ చేతులు. సూపర్‌మార్కెట్లో మాంసం పెట్టే ఫ్రిజ్ ఒకటి గ్యాలరీలోకి తెచ్చి, ఒక్కో చేతిని నల్ల ట్రేలో ఉంచి, పైన ప్లాస్టిక్ బిగించి, బరువు, గడువు తేదీ ఉన్న చీటీ అంటించారు. ఆ చేతులవాళ్లంతా ఒకే మాంసం ప్యాకింగ్ షెడ్డులో పనిచేసినవాళ్లు. ప్రదర్శన అయిదు వారాలు సాగింది. "ఇవి వేయించాలా, ఉడకబెట్టాలా?" అని ఒకాయన అడిగితే వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అసహ్యంగా ఉందని పత్రికకు ఉత్తరాలు రాసినవాళ్లూ ఉన్నారు. గడువు రోజు సాయంత్రం అందరి ముందూ చేతుల్ని కరిగించడం ఆ కళాకృతిలో భాగం. దాన్ని రూపొందించిన కళాకారిణి ఇల్సా క్విల్ ఆ సంగతి మొదటి రోజే గోడ మీద రాయించింది.

అచ్చులు తీసిందీ, మైనం పోసిందీ మెర్విన్. ముప్పై ఏళ్లుగా అతని పని అదే. పన్నెండింటిలో ఒకటి అతని భార్య నోరీన్ చెయ్యి. ఆమె ఆ షెడ్డులో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. నవంబరులో అచ్చు ఇచ్చింది. జనవరి తొమ్మిదిన పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు.

ప్రదర్శన నాలుగో వారంలో మెర్విన్ ఇల్సా దగ్గరికి వెళ్లాడు.

"నోరీన్ చెయ్యి నాకిచ్చెయ్."

"ఎట్లా ఇస్తాను మెర్వ్? ఏదీ మిగలకూడదు. అసలు ఇందులో ఉన్నదే అది."

"పదకొండేళ్ల నుంచీ నీకు పోత పోస్తున్నా. ఎప్పుడైనా ఏమైనా అడిగానా?"

ఇల్సా వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. "శనివారం నాలుగింటికి రా. జనం రాకముందే తీసేసుకో. ఎవరైనా అడిగితే ఒకటి అమ్ముడుపోయిందంటాలే."

"ఏది ఎవరిదో రాసిపెట్టావా?"

"పేర్లు వద్దని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా కదా. ఏం, పెళ్లాం చెయ్యి గుర్తుపట్టలేవా?"

"ముప్పై ఎనిమిదేళ్ల కాపురం," అన్నాడు మెర్విన్. "బొటనవేలి కింద కత్తిగాటు ఉంటుంది. కళ్లు మూసుకుని చెప్తా."

శనివారం నాలుగింటికి ఇద్దరూ గ్యాలరీ తలుపు వేసుకుని ట్రేలన్నీ బల్ల మీదికి తెచ్చారు. చలికి ప్లాస్టిక్ లోపల ఆవిరి పట్టి ఉంది. మెర్విన్ ఒక్కొక్కటే విప్పాడు. పన్నెండూ చూశాడు. దీపం కిందికి జరిపి మళ్లీ మొదట్నుంచి చూశాడు. ఏ చేతి మీదా గాటు లేదు.

"మెర్వ్?" అంది ఇల్సా.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేనే తీసేశాను," అన్నాడు.

చేతి అచ్చుకు పళ్ల డాక్టర్లు వాడే ముద్దే వాడతారు. అందులో మైనం పోసి, గట్టిపడ్డాక అచ్చును చింపేస్తారు. ఒక అచ్చుకు ఒకే చెయ్యి. తర్వాత కాల్చిన గరిటెతో మైనం మీది బుడగలు, గీతలు, గుంటలు సరిచేస్తారు. ట్రేలో మాంసం మీద ఎవరి గుర్తూ ఉండదని, చేతుల మీదా ఉండకూడదని ఇల్సా చెప్పింది. చెప్పకపోయినా మెర్విన్ అదే చేసేవాడు. పోత పనిలో గీత కనబడితే తప్పు కిందే లెక్క.

అచ్చు తీసిన రోజు నోరీన్ ముద్ద కలిపిన బకెట్లో చెయ్యి పెట్టి స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏమయ్యా, నా గాటు మీద నీ ఇస్త్రీ పెట్టేవు. ఆ షెడ్డు నాకిచ్చింది అదొక్కటే."

"పెట్టన్లేవే. కదలకుండా కూర్చో."

పన్నెండు చేతుల్నీ అతను రెండు రోజుల్లో పూర్తిచేశాడు. రేడియోలో క్రికెట్ వస్తోంది. తన గరిటె కింద నోరీన్ చెయ్యి ఎప్పుడు వచ్చి వెళ్లిందో అతనికి గుర్తు లేదు.

నాలుగున్నరకు మెర్విన్ లేచాడు. నడిచేటప్పుడు నోరీన్ ఎప్పుడూ అతని కుడివైపున ఉండేది. వరుసగా ఒక్కో మైనపు చేతినీ కుడిచేత్తో పట్టుకుని చూశాడు. మూడోదాని దగ్గర ఆగాడు. తొమ్మిదోదాని దగ్గర మళ్లీ ఆగాడు. వెనక్కి వెళ్లి మూడోది పట్టుకున్నాడు.

"రెండూ తీసుకుపో," అంది ఇల్సా. "నేనేం అనను."

"రెండు ఎడమ చేతులు ఎవరికుంటాయమ్మా?"

బయట జనం చేరిన చప్పుడు వినబడుతోంది. ఇల్సా గడియారం వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. చివరికి అతను తొమ్మిదోదాన్నే ట్రేలో పెట్టి, ప్లాస్టిక్ మళ్లీ బిగించి, ట్రేను తన సంచిలో వేసుకున్నాడు.

అయిదింటికి తలుపు తీశారు. దాదాపు అరవై మంది వచ్చారు. మైనం గిన్నె కింద మంట వెలిగించాల్సింది మెర్విన్. వెలిగించాడు. ఇల్సా చేతుల్ని ఒక్కొక్కటే గిన్నెలో వేసింది. మూడోది వేసేటప్పుడు మెర్విన్ వైపు చూసింది. అతను మంట సరిచేస్తున్నాడు.

ఇంటికి వెళ్లి వంటగదిలో స్టవ్ వెలిగించి గరిటె కాల్చాడు. ట్రే విప్పి చేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. గరిటె అంచును బొటనవేలి కింద దాకా తెచ్చి ఆపాడు. గాటు మణికట్టు వైపు వంగి ఉండేదో, వేళ్ల వైపు వంగి ఉండేదో గుర్తు రాలేదు. ఫొటోలు వెతికాడు. చాలావాటిలో నోరీన్ ఎడమ చెయ్యి అతని చేతిలో ఉంది. మిగతావాటిలో జేబులో ఉంది.

గరిటె చల్లారింది. స్టవ్ ఆపాడు. చేతిని ట్రేలో పెట్టి, ట్రేను ఫ్రిజ్ రెండో అరలో ఉంచాడు. చీటీ మీద బరువు నాలుగువందల పన్నెండు గ్రాములు. గడువు మార్చి పద్నాలుగు.