పిడికిలి విప్పని ఫ్లోరిన్

జవాబు పత్రం మీద ఆమె ఎర్ర పెన్ను ఆగిపోయింది. అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లలో బలమైన క్షారమేది? విద్యార్థిని అమ్మోనియా అని రాసింది. కీలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అని ఉంది. చుట్టూ లెక్చరర్లు కీని నమ్మి వరసగా సున్నాలు చుడుతున్నారు. మార్కులు సాయంత్రానికల్లా పైకి వెళ్లిపోవాలి.

కీ రాసింది కెమిస్ట్రీ హెడ్డు, అంటే ఆమె భర్తే. అతని చేతిరాత చూసి టైపు చేయడం ఆమె పని. నిన్న పొయ్యి మీద కూర చూసుకుంటూ, చదవకుండానే టైపు కొట్టేసింది.

నేరుగా అతని గదికి వెళ్లి, కీ తప్పని చెప్పింది.

"ఫ్లోరిన్‌కి రుణవిద్యుదాత్మకత ఎక్కువ. ప్రోటాన్ని గట్టిగా లాక్కుంటుంది. నాకే పాఠం చెప్తావా?"

"అది లాక్కునేది ఎలక్ట్రాన్లనండీ. తన ఎలక్ట్రాన్ల జంటను ప్రోటాన్‌కి ఇస్తేనే క్షారం. ఫ్లోరిన్ పిడికిలి విప్పదు. నైట్రోజన్ విప్పుతుంది."

అతను పుస్తకం తిరగేశాడు. మొహం మాడిపోయింది.

"వచ్చేవారం ప్రిన్సిపాల్ ఎంపిక. నా పేరూ ఉంది. ఇప్పుడీ రభస అవసరమా?"

"పిల్లల మార్కులండీ. ఎలాగోలా దిద్దించండి చాలు."

పది నిమిషాల్లో అతను హాల్లోకొచ్చి చప్పట్లు కొట్టాడు. "కీలో ఒక జవాబు మార్చుకోండి. మేడం టైపు చేసేటప్పుడు తారుమారైంది. వంటింటి ధ్యాసలో ఉన్నట్టుంది, పాపం!"

అందరూ నవ్వారు. "కూరలో ఉప్పు మర్చిపోలేదు కదా మేడం?" అన్నాడు పక్క బల్ల లెక్చరరు.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీదికి వెళ్లింది. అతని చేతిరాత కాగితం అందులోనే ఉంది. బయటికి తీస్తే వాదన, విచారణ, దిద్దడం ఆగిపోయి ఆ సున్నాలు అలాగే పైకి పోవడం. హాలంతా సున్నాలు కొట్టేసి రెండేసి మార్కులు వేస్తున్న పెన్నుల చప్పుడు.

"ఉప్పు సరిపోయింది లెండి," అంది, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

పత్రం మళ్లీ ముందుకు లాక్కుంది. అమ్మోనియా కింద ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో కారణం కూడా రాసింది: 'జంటను ఇవ్వగలిగినదే క్షారం. గట్టిగా పట్టుకున్నది ఇవ్వదు.'

ఆమె రెండు మార్కులూ వేసింది. పెన్ను ఎంత నొక్కిందో, కాగితం చిరిగింది.